పాకేవి వ్యవసాయ శాఖకు, ఎగిరేవి పర్యాటక శాఖకు

వెంకటాద్రిపురానికి ఒక మ్యూజియం ఉండాలన్న కోరిక పుట్టిన రోజున, అందులో పెట్టడానికి ఊళ్లో ఏమీ లేదు. ఆ ఊరిని ఏ రాజూ ఏలలేదు. ఏలుదామని వచ్చిన ఒకరిద్దరు దోమల ధాటికి తట్టుకోలేక ముందుకు సాగిపోయారని చెప్పుకుంటారు. శిల్పాలు లేవు, శాసనాలు లేవు, కనీసం తుప్పుపట్టిన ఫిరంగి కూడా లేదు. పక్క ఊరికి మ్యూజియం ఉండి మనకు లేకపోవడం ఎంత అవమానమో అప్పటి మునిసిపల్ చైర్మన్ గారు కౌన్సిల్ సమావేశంలో ఆవేశంగా చెబుతుండగా, దీపం చుట్టూ మూగిన ఉసిళ్లలో ఒకటి ఆయన నోట్లోకి పోయింది. ఆయన దాన్ని ఉమ్మేసి, కాసేపు దానివైపే చూసి, "మనకున్నది ఇదే గదా!" అన్నారు. సభ్యులు బల్లలు చరిచారు. నగర కీటక ప్రదర్శనశాల అలా పుట్టింది.

పుట్టినప్పుడే దానికి ఇద్దరు తండ్రులు తయారయ్యారు. వ్యవసాయ శాఖవారు తమ పాత విత్తనాల గోదామునీ, బీరువాలనీ ఇచ్చి కీటకాలన్నీ తమవే అన్నారు. పర్యాటక శాఖవారు ఆ గోదాముకి ఒక అద్దాల గది కట్టించి, కాదు తమవే అన్నారు. ఇద్దరికీ రాజీ చేయడానికి చైర్మన్ గారు ఒప్పందం రాయించారు. "ప్రదర్శనశాల యందలి పాకునట్టి కీటకములు వ్యవసాయ శాఖకును, ఎగురునట్టి కీటకములు పర్యాటక శాఖకును చెందును." ఇంతకంటే స్పష్టంగా ఎవరు రాయగలరని అందరూ మెచ్చుకుని, ఉప్మా తిని వెళ్లిపోయారు.

ఆ ఒప్పందం ఏళ్ల తరబడి చక్కగా నడిచింది. నడవకేం? మ్యూజియంలో ఉన్నవన్నీ చచ్చిన పురుగులు. సూదితో గుచ్చి అట్టకు తగిలించినవి. అవి పాకలేదు, ఎగరలేదు, ఏ శాఖనీ ఇబ్బంది పెట్టలేదు.

మజ్జి హైమవతి క్యూరేటరుగా చేరింది కూడా ఆ చచ్చిన పురుగుల కాలంలోనే. జంతుశాస్త్రం చదివి, ఇంకెక్కడా ఉద్యోగం రాక చేరింది గానీ, చేరిన కొన్నాళ్లకే ఆ పాత గోదాముతో ప్రేమలో పడింది. ప్రతి సొరుగులో కర్పూరపు ఉండలు తనే మార్చేది. రాలిపోయిన మిడత కాళ్లు తనే అతికించేది. ఇంట్లోవాళ్లు "ఈరోజు ఆఫీసులో ఏం జరిగింది?" అని అడగడం ఎప్పుడో మానేశారు. పెళ్లిళ్లలో ఎవరైనా ఏం చేస్తుంటావని అడిగితే ఆమె చెప్పేది, వాళ్లు కుర్చీ కొంచెం పక్కకి జరుపుకునేవారు. ఆమె పట్టించుకోలేదు. ఆ గోదామంటే ఆమెకి ప్రాణం, అంతే.

అలాంటి సమయంలో ఊరికి కొత్త కమిషనర్ గారు వచ్చారు. ఆయన ఈమధ్యే విదేశీ అధ్యయన యాత్ర చేసి వచ్చారు. వచ్చిన వారానికే మ్యూజియం చూడ్డానికి వచ్చి, ముక్కు మూసుకుని అంతా తిరిగి, "చచ్చినవాటిని చూడ్డానికి జనం ఎందుకొస్తారండీ? వాళ్లకి కావలసింది సజీవ అనుభూతి!" అన్నారు. బస్టాండుకి ఎదురుగా ఇంత స్థలం ఉంది, దీన్ని మూసేసి ఆరంతస్తుల పార్కింగ్ కట్టమని కౌన్సిల్ ఎప్పుడో తీర్మానించింది, తనే దయతలచి ఒక అవకాశం ఇస్తున్నానని కూడా చెప్పారు. "బతికున్న కీటకాలు పెట్టండి. కానీ ఒక్క మాట. ఆస్తుల లెక్కలో ఒక్క తేడా వచ్చినా సరే, ఈ స్థలం పార్కింగుకి వెళ్లిపోతుంది."

హైమవతి భయపడింది. భయపడినా, బతికున్న కీటకాలు అనగానే లోపల్లోపల సంబరపడింది. వ్యవసాయ శాఖ నర్సరీ నుంచి కరివేపాకు మొక్కలు, వాటిమీద పాకే ఆకుపచ్చటి పురుగులు తెప్పించి అద్దాల గదిలో పెట్టింది. వ్యవసాయ శాఖ అధికారి గేదెల పరమేశం గారు స్వయంగా వచ్చి, ఒక్కో పురుగునీ వేలితో చూపించి అప్పగించి, సంతకం పెట్టించుకున్నారు. జనం నిజంగానే వచ్చారు. బస్సు ఆలస్యమైనవాళ్లంతా అద్దానికి ముక్కు ఆనించి, ఆ పురుగులు కరకరా ఆకులు తినడం చూసి, "పర్వాలేదే, మన బావగారిలా తింటున్నాయి" అని నవ్వుకునేవారు.

ఒకరోజు అటెండరు పైడమ్మ పరుగెత్తుకొచ్చింది.

"మేడమ్, పురుగులు తిండి మానీసినాయి. అలిగినట్టున్నాయి."

"అలగలేదు పైడమ్మా. మారబోతున్నాయి. సీతాకోకచిలుకలవుతాయి."

"మారడమేటి?" పైడమ్మ కంగారుపడింది. "ఎవులు మారమన్నారు?"

హైమవతి నవ్వింది. ఆ ప్రశ్న అడిగిన ఆఖరి మనిషి పైడమ్మే అవుతుందనుకుంది పాపం.

ఆ వారమే పరమేశం గారు తనిఖీకి వచ్చారు. కళ్లజోడు పెట్టుకుని కొమ్మలన్నీ వెతికారు. "నా పురుగులేవమ్మా?"

"అవే సార్, ఆ కొమ్మలకి వేలాడుతున్నవి."

"నేను అప్పగించినవి పాకేవి. ఆకుపచ్చగా, బొద్దుగా ఉండేవి. ఇవి ఎండిన చింతకాయల్లా ఉన్నాయి. కదలట్లేదు, మెదలట్లేదు."

"అవే ఇవి సార్. పైన తొడుగు ఏర్పడింది. లోపల రూపం మారుతోంది. త్వరలో రెక్కలొస్తాయి."

పరమేశం గారు కళ్లజోడు తీసేశారు. "ఎవరి ఉత్తర్వు మీద?"

"ఉత్తర్వేంటి సార్, అది ప్రకృతి."

"ఏ ప్రకృతమ్మా? మా శాఖ ఆస్తిని మా అనుమతి లేకుండా రూపం మార్చేస్తారా? రేపు మా జీపు వాడుకోమని ఇస్తే, దాన్ని హెలికాప్టర్ చేసి అప్పగిస్తారా?"

"ఆ జీపు తనంతట తనే రెక్కలు మొలిపించుకుంటే నేనేం చెయ్యను సార్?"

"సమాధానం రాతపూర్వకంగా ఇవ్వండి," అని ఆయన వెళ్లిపోయారు. వెళ్తూ వెళ్తూ పురుగులు గల్లంతయ్యాయని కమిషనర్ గారికి ఫోన్ చేశారు.

హైమవతి పర్యాటక శాఖ దగ్గరికి పరుగెత్తింది. అక్కడి అధికారి విలాస్‌బాబు గారు ఎప్పుడూ నవ్వుతూనే ఉంటారు. పని చేయనని చెప్పేటప్పుడు మరికొంచెం ఎక్కువగా నవ్వుతారు. "సీతాకోకలు మావే మేడమ్, డౌటే లేదు. కానీ రెక్కల్లేనిదాన్ని టూరిజం ఎలా ప్రమోట్ చేస్తుంది? పూర్తిగా ఎగిరే స్థితిలో ఉన్న సీతాకోకని తెచ్చివ్వండి, దండేసి తీసుకుంటాం."

"మరి అప్పటిదాకా ఇవి ఎవరివి సార్?"

విలాస్‌బాబు గారు కొంచెంసేపు ఆలోచించారు. "పాకడం లేదు కాబట్టి వాళ్లవి కావు. ఎగరడం లేదు కాబట్టి మావి కావు. కదలకుండా ఒకేచోట అంటుకుని ఉన్నది స్థిరాస్తి. స్థిరాస్తి అంటే టౌన్ ప్లానింగ్. లెటర్ పెట్టేస్తాను, మీకెందుకు శ్రమ."

శ్రమపడి ఆయనే పెట్టారు. మర్నాడు టౌన్ ప్లానింగ్ అధికారి కోటీశ్వరప్రసాద్ గారు టేపు పట్టుకుని దిగారు. ఆ ఊళ్లో ఆయన టేపు చూస్తే మేడలు కూడా వణుకుతాయి. ఆయన కరివేపాకు మొక్క చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, ఒక గూటికి పొడవూ వెడల్పూ కొలిచి, పెదవి విరిచారు.

"ప్లాన్ అప్రూవల్ ఉందా?"

"సార్, అది గూడు."

"కనిపిస్తోందమ్మా. నాలుగువైపులా సెట్‌బ్యాక్ ఏది? ఒకదానికొకటి అంటుకుని కట్టేశాయి. గాలీ వెలుతురూ రావాలా వద్దా? కిటికీ లేదు. ఇంకుడుగుంత లేదు. లోపల ఎవరుంటున్నారు?"

"పురుగు సార్."

"సొంతమా, అద్దెకా?"

హైమవతి తల పట్టుకుంది. "అది కట్టుకున్నది కాదు సార్. దాని ఒంటి చర్మమే గట్టిపడి అలా అయింది."

"దేంతో కట్టిందన్నది పాయింటు కాదమ్మా. ఇటుకతో కట్టేవాళ్లు ఇటుకతో కడతారు, చర్మం ఉన్నవాళ్లు చర్మంతో కడతారు. ప్రభుత్వ మొక్క మీద కట్టిందా లేదా? అది ఆక్రమణ." ఎందుకు కూల్చకూడదో శనివారం లోపల సంజాయిషీ చెప్పుకోవాలని నోటీసు తీశారు. అది గూటికి అంటిద్దామంటే నోటీసు ముందు గూడు కనిపించలేదు. చివరికి అద్దానికి అంటించారు. దానితో లోపలివి జనానికి కనపడకుండా పోయాయి. జనం నోటీసు చదువుకుని వెళ్లిపోసాగారు.

కమిషనర్ గారి గదిలో సమావేశం జరిగింది. బల్ల మీద పార్కింగ్ తాలూకు పెద్ద డ్రాయింగు పరిచి ఉంది. హైమవతి దాన్ని చూడకూడదనుకుంటూనే చూసింది. తన సొరుగులుండే చోట ద్విచక్రవాహనాలు గీసి ఉన్నాయి. ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది.

"అన్ని పక్షాలూ విన్న మీదట," అన్నారు కమిషనర్ గారు, "సమస్య ఏమిటంటే ఈ పురుగులు శాఖల మధ్య సమన్వయం కుదరకముందే తొందరపడుతున్నాయి. శనివారం సంయుక్త తనిఖీ పెడుతున్నాం. అందాకా అవి యథాతథ స్థితిలోనే కొనసాగాలి. రూపాంతరం నిలిపివేయాలని ఉత్తర్వు ఇస్తున్నాను."

"సార్, అవి వినవు."

"వినిపించండి. మైకు లేకపోతే ఇండెంట్ పెట్టండి."

ఉత్తర్వును సంబంధితులకు చదివి వినిపించినట్టు రుజువు కావాలన్నారు. ఆ పని పైడమ్మ మీద పడింది. ఆమె చీర కొంగు నడుముకి దోపుకుని మొక్క ముందు నిలబడి, గొంతు సవరించుకుంది. "ఇనుకోండర్రా! కమిషనర్ బాబుగారు సెప్పినారు. ఎవులూ బయటికి రావద్దంట. లోన ఉన్నోలు లోనే ఉండాల. వచ్చినారంటే నా పూచీ లేదు." ఒక గూడు కొంచెం కదిలింది. చూస్తున్న కోటీశ్వరప్రసాద్ గారు అది ఉత్తర్వు తీసుకోవడానికి నిరాకరించిందని రాసుకున్నారు.

ఏదో ఒకటి చేయకపోతే మ్యూజియం దక్కదని హైమవతికి అర్థమైంది. ఉత్తర్వుని ఆ పురుగులు ఖాతరు చేయవు, చలినైతే చేస్తాయి. చల్లగా ఉంటే కొన్నాళ్లు ఆలస్యంగా బయటికొస్తాయని కమిషనర్ గారికి చెప్పింది. ఆయన వెంటనే ఏసీలు మంజూరు చేశారు. ఎప్పుడో చేరిన కొత్తలో ఆమె ఒక సీలింగ్ ఫ్యాను అడిగితే, ఆ ఫైలు ఇప్పటికీ ఎక్కడో తిరుగుతూనే ఉంది. ఏసీలు మాత్రం సాయంత్రానికే వచ్చి గోడెక్కాయి.

ఎండలు మండుతున్న రోజులవి. పురుగుల పరిస్థితిని వ్యక్తిగతంగా పర్యవేక్షించాలని పరమేశం గారికి మర్నాడే అనిపించింది. ఆయన కుర్చీ తెచ్చుకుని అద్దాల గదిలో కూర్చున్నారు. పరమేశం గారు పర్యవేక్షిస్తుంటే తాము ఊరుకోవడం బాగుండదని విలాస్‌బాబు గారు, కోటీశ్వరప్రసాద్ గారు కూడా వచ్చి కూర్చున్నారు. మధ్యాహ్నం భోజనం అయ్యాక ముగ్గురి పర్యవేక్షణా గాఢంగా సాగేది. ఒక్కోసారి గురక వినిపించేది.

శనివారం పొద్దున కరెంటు పోయింది.

హైమవతి వచ్చేసరికి గది ఉడికిపోతోంది. పైడమ్మ విసనకర్రతో గూళ్లకి విసురుతోంది. "నాను సెప్పినాను మేడమ్, ఇనట్లేదు!" అంది. ఆమె చెబుతుండగానే మొదటి గూడు పగిలింది. నలిగిన గుడ్డముక్కలాంటిది ఒకటి తడితడిగా బయటికొచ్చి, కొమ్మ పట్టుకుని, నెమ్మదిగా రెక్కలు విప్పింది. నలుపు మీద పసుపు మచ్చలు, కింద ఎర్రటి చుక్క. దాని వెనకే ఇంకొకటి. హైమవతి ఉద్యోగం, మ్యూజియం, తనిఖీ అన్నీ మరిచిపోయి నోరు తెరుచుకుని చూసింది. పుస్తకాల్లో చదివింది, పిల్లలకి చెప్పింది, గుచ్చిన రెక్కల దుమ్ము తుడిచింది గానీ, కళ్లెదురుగా పుట్టడం ఎప్పుడూ చూడలేదు. ఆ కాసేపు ఉన్నంత సంతోషంగా ఆమె ఇంకెప్పుడూ లేదు.

పదకొండింటికి రావలసిన తనిఖీ బృందం, కమిషనర్ గారితో సహా, మధ్యాహ్నం వచ్చింది. బయట గూళ్లు కూల్చడానికి జేసీబీ కూడా వచ్చి ఆగింది. అది గుమ్మంలో పట్టదు గాబట్టి గుమ్మం కూడా కూల్చాల్సి ఉంటుందని కోటీశ్వరప్రసాద్ గారు ముందే రాసిపెట్టుకొచ్చారు. తలుపు తీసేసరికి గది నిండా సీతాకోకచిలుకలు.

"నా పురుగులు!" అని అరిచారు పరమేశం గారు.

"ఆక్రమణదారులు ఖాళీ చేసేశారు," అన్నారు కోటీశ్వరప్రసాద్ గారు, ఖాళీ గూడు ఒకటి వెలుతురులో పట్టి చూస్తూ. "స్వచ్ఛందంగా. రికార్డు చేస్తాను."

"సీతాకోకలు వచ్చేశాయి కదా, తీసుకోండి విలాస్‌బాబు గారూ," అంది హైమవతి ఆశగా.

విలాస్‌బాబు గారు ఇంకా ఎక్కువగా నవ్వారు. "ఎలా తీసుకోమంటారు మేడమ్? వ్యవసాయ శాఖ వీటిని రిలీవ్ చెయ్యలేదు. రిలీవ్ కాకుండా జాయినింగ్ ఎలా కుదురుతుంది?"

"నేను రిలీవ్ చెయ్యను," అన్నారు పరమేశం గారు. "నేనిచ్చింది పురుగులు. నాకు పురుగులే కావాలి."

కమిషనర్ గారు చెమట తుడుచుకుని, హైమవతి వైపు తిరిగారు. "చూశారా? అప్పగించిన పురుగులు లేవు. ఉన్నవాటికి లెక్క లేదు. ఇది స్పష్టంగా ఆస్తి తేడా. నేను విచారిస్తున్నాను, కానీ మ్యూజియం మూసివేయక తప్పదు. డ్రైవరు, ఆ జేసీబీని..."

హైమవతికి ఒళ్లు మండింది. గొంతు చించుకుని అరుద్దామని నోరు తెరిచింది కూడా. సరిగ్గా అప్పుడు ఒక సీతాకోకచిలుక గదంతా చుట్టి వచ్చి పరమేశం గారి బట్టతల మీద వాలింది. వాలి, రెక్కలు ముడుచుకుని, నుదుటివైపు నింపాదిగా నడవసాగింది.

ఏ జీవి ఏం తిని బతుకుతుందో కనిపెట్టడమే హైమవతి చదువు. ఇన్నాళ్లూ పురుగుల గురించే ఆలోచించింది గానీ, కుర్చీలేసుకుని కూర్చున్నవాళ్ల గురించి ఆలోచించలేదు. నోరు మూసుకుని, చేతులు కట్టుకుని, వినయంగా అడిగింది.

"సార్, చిన్న సందేహం. ఇది ఇందాక ఎగిరింది. అప్పుడు పర్యాటక శాఖది. ఇప్పుడు సార్ తల మీద పాకుతోంది. ఇప్పుడు ఎవరిది?"

పరమేశం గారు తల కదపకుండా, కళ్లు మాత్రం పైకెత్తి చూశారు. ఆయన మొహంలో కోపం పోయి మెల్లగా వెలుగొచ్చింది.

"పాకుతోంది కాబట్టి మాదే," అన్నారు.

"తాత్కాలికంగా పాకినంత మాత్రాన శాశ్వత హోదా రాదండీ," అన్నారు విలాస్‌బాబు గారు, కుర్చీ లాక్కుంటూ.

"ఆ తల మీద అది ఎంతసేపు కదలకుండా ఉంటే స్థిరాస్తి అవుతుందన్నది కూడా తేలాలి," అన్నారు కోటీశ్వరప్రసాద్ గారు, టేపు తీస్తూ.

కమిషనర్ గారు గడ్డం నిమురుకున్నారు. "ఇది విధానపరమైన ప్రశ్న. తొందరపడకూడదు. ముగ్గురితో కమిటీ వేస్తున్నాను. నివేదిక వచ్చేవరకు ఈ భవనం యథాతథంగా ఉండాలి. కమిటీ కూర్చున్న భవనాన్ని కూల్చితే రేపు మనకే ఇబ్బంది."

"కమిటీ ఎక్కడ కూర్చుంటుంది సార్?" అడిగింది హైమవతి.

అప్పుడే కరెంటు వచ్చింది. ఏసీలు గుర్రుమన్నాయి. ముగ్గురూ ఒకేసారి, "ఇక్కడే," అన్నారు.

జేసీబీ వెనక్కి వెళ్లిపోయింది. కరివేపాకు మొక్కల్నీ, సీతాకోకచిలుకల్నీ వరండాలోకి మార్చారు. అక్కడ అవి ఎవరి ఉత్తర్వూ లేకుండా హాయిగా గుడ్లు పెట్టాయి, పాకాయి, గూళ్లు కట్టాయి, ఎగిరాయి. విషయం కమిటీ పరిశీలనలో ఉంది కాబట్టి వాటి జోలికి ఎవరూ రాలేదు. అద్దాల గదిలో కమిటీ స్థిరపడింది.

కమిటీ ఆరోగ్యంగా ఉంటేనే మ్యూజియం ఉంటుంది. అందుకని హైమవతి దాన్ని ఏ పురుగునీ పెంచనంత శ్రద్ధగా పెంచుతోంది. వేళకి టీ, పకోడీలు పైడమ్మ అందిస్తుంది. అసలు ఆహారం మాత్రం హైమవతే స్వయంగా తీసుకెళ్తుంది. గెంతే మిడత ఏ శాఖకి చెందుతుంది? నీటి మీద నడిచే పురుగు విషయంలో నీటిపారుదల శాఖని సంప్రదించాలా? చీమకి రెక్కలొచ్చి రాలిపోతే, ఆ రెక్కల్ని పర్యాటక శాఖకి వాపసు చేయాలా? ఒక్కో సందేహం పడితే కమిటీ కొన్ని నెలలు నిలకడగా ఉంటుంది. బొద్దింక సగం దూరం పాకి సగం దూరం ఎగురుతుందని చెప్పిన రోజున వాళ్ల కళ్లలో మెరిసిన ఆనందం చూసి ఆమెకే ముచ్చటేసింది. నివేదిక చివరి పేజీకి వచ్చిందని అనుమానం వస్తే చాలు, ఆమె ఇంకొకటి పట్టుకుని సిద్ధంగా ఉంటుంది.

జనం ఇదివరకటికంటే ఎక్కువగా వస్తున్నారు. వరండాలో సీతాకోకల్ని చూసి, తర్వాత అద్దాల గది దగ్గర ఆగుతారు. దాని మీద నోటీసు తీసేశారు గానీ, పురుగుల కోసం పెట్టిన "సజీవ ప్రదర్శన. అద్దం మీద కొట్టవద్దు" అన్న బోర్డు అలాగే ఉండిపోయింది. మొన్న పల్లె నుంచి వచ్చిన ఒక పెద్దావిడ అక్కడే చాలాసేపు నిలబడింది. లోపల కాగితాలు తిరగేస్తున్న ముగ్గుర్నీ మార్చి మార్చి చూసి, హైమవతిని పిలిచింది.

"బయట పురుగులు మారినాయి, సూసినాను. మరి ఈలెప్పుడు మారతారమ్మా?"

"వీటిలో ఆ దశ ఉండదు పెద్దమ్మా," అని చెప్పి, హైమవతి ఆ రోజు సందేహం పట్టుకుని లోపలికి వెళ్లింది.